సంగీతం ఒక చేత్తో, లెక్కల పుస్తకం ఒక చేత్తో: సీమ విద్యార్థులు కళా నిర్వహణ చదివే దారి

కచేరీ పెట్టడం, నాటక సమాజాన్ని నడపడం, నాట్యోత్సవానికి డబ్బు కూడగట్టడం, కళాకారుల తేదీలు కుదర్చడం. ఈ పనులన్నిటికీ కలిపి యూనివర్సిటీలు పెట్టిన పేరు పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ మేనేజ్‌మెంట్. తెలుగులో కళా నిర్వహణ అనుకుందాం. ఆ పేరున్న డిగ్రీ మన ఊరికి వచ్చేదాకా ఆగేకన్నా మూడు చదువులు పక్కపక్కన పెట్టుకుని మనమే కలుపుకోవడం మేలు. మొదటిది గొంతుతోనో చేత్తోనో రావలసిన విద్య. రెండోది లెక్కలు, చట్టం, మార్కెటింగ్. మూడోది హాలు తలుపు తీసింది మొదలు తాళం వేసేదాకా జరిగే పని. మొదటి రెండింటికీ తరగతులున్నాయి. మూడోదానికి లేవు, చాలామందికి కొరత పడేది అక్కడే.

సీమకు ఈ పని కొత్తేమీ కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు కీచకవధతో మొదలుపెట్టిన నాటక సమాజం తరాలపాటు ఊరూరా తిరిగింది. నటనతోపాటు తెరలు, సెట్లు, దుస్తులు, వంట, ప్రయాణం అన్నీ ఆ కుటుంబాలే చూసుకున్నాయి. ఇప్పుడు సిలబస్‌లో ప్రొడక్షన్ మేనేజ్‌మెంట్, టూరింగ్ అని వేర్వేరు పేపర్లుగా ఉండేది ఇదే పని.

ఏది రెగ్యులర్, ఏది పక్కన

ఇంటర్ అయ్యేసరికి నాలుగైదు వర్ణాలు (సాధన కోసం నేర్పే రచనలు) రెండు కాలాల్లో, అంటే రెండు వేగాల్లో, పదిహేను ఇరవై కృతులు పుస్తకం చూడకుండా వచ్చి ఉంటే సంగీతాన్నే రెగ్యులర్ డిగ్రీగా తీసుకుని ఆ తర్వాత ఎంబీఏకి వెళ్లవచ్చు. అంత సాధన లేనివాళ్లు బీకాం గానీ బీబీఏ గానీ రెగ్యులర్‌గా చేరి, సంగీతం సర్టిఫికెట్, డిప్లొమా పక్కన నడుపుకోవాలి. రెండింట్లో మా ఓటు బీకాంకే. కళాసంస్థల్లో పాటను మెచ్చుకునేవాళ్లు పదిమంది దొరుకుతారు, రసీదు పుస్తకాన్నీ బ్యాంకు స్టేట్‌మెంట్‌నూ సరిచూసేవాళ్లు ఒక్కరు దొరకడం కష్టం. బీబీఏ వైపే మనసు లాగితే ఆ కాలేజీ కోర్సుకు ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) అనుమతి ఉందో లేదో ముందు చూడండి. 2024-25 నుంచి బీబీఏ కోర్సులు ఏఐసీటీఈ పరిధిలోకి వచ్చాయి.

ఏ డిగ్రీలో చేరినా నాలుగు పేపర్లు ఈ పనికి ప్రాణం: కాస్ట్ అకౌంటింగ్‌లో బ్రేక్ ఈవెన్ (ఎంత అమ్మితే లాభమూ నష్టమూ లేకుండా బయటపడతామన్న లెక్క), బిజినెస్ లాలో కాంట్రాక్టు భాగం, మార్కెటింగ్‌లో ధర నిర్ణయం, కంప్యూటర్ ల్యాబ్‌లో ఎక్సెల్. మిగతావి పాసైతే చాలు.

సంగీతానికి కర్నూలులో ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది. ప్రభుత్వ సంగీత కళాశాలల్లో సర్టిఫికెట్ నాలుగేళ్లు, దాని మీద డిప్లొమా రెండేళ్లు. పుట్టపర్తిలో సత్యసాయి విద్యాసంస్థకు చెందిన మీర్‌పురి సంగీత కళాశాల ఉంది. అదే సంస్థకు అనంతపురంలో మహిళల క్యాంపస్ ఉంది. తిరుపతిలో టీటీడీ నడిపే వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో సంగీత విభాగం ఉన్నాయి. కడపలోని వైఎస్సార్ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ వైపు రంగాలంకరణ, పోస్టర్ డిజైన్ మీద ఆసక్తి ఉన్నవాళ్లు చూడవచ్చు.

ఒకేసారి రెండు కోర్సులు చేయొచ్చా అని అడిగేవాళ్లు చాలామంది. చేయొచ్చు. 2022 ఏప్రిల్‌లో యూజీసీ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం తరగతి వేళలు ఒకదానిమీద ఒకటి పడకపోతే రెండూ నేరుగా కాలేజీకి వెళ్లి చదవవచ్చు, లేదా ఒకటి కాలేజీలో, రెండోది దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో చేయవచ్చు. పీహెచ్‌డీకి ఇది వర్తించదు. చిక్కు రెండుచోట్ల వస్తుంది. మొదటిది: యూజీసీ అనుమతించినా మీ యూనివర్సిటీ నిబంధనల్లో అది చేరిందా లేదా అన్నది వేరే సంగతి, ప్రిన్సిపాల్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. రెండోది: దూరవిద్య కోర్సు ఆ ఏడాదికి యూజీసీ దూరవిద్య బ్యూరో గుర్తింపు జాబితాలో ఉండాలి. కిందటేడు ఉంది కదా అని ఫీజు కట్టేయకండి. చేరేముందు ఆ బ్యూరో ఇచ్చే డెబ్ ఐడీ కూడా చేయించుకోవాలి, దానికి చదువు క్రెడిట్లు జమయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా ఉండాలి.

వారం ఎలా నడవాలి

పొద్దున ఐదున్నర నుంచి ఆరుముప్పావు దాకా సాధన, వారానికి ఐదు రోజులు. సాయంత్రం సాధన పెట్టుకున్నవాళ్లకు రెండో ఏడాదిలో అది పోతుంది. కారణం సోమరితనం అనుకుంటారు గానీ అసలు సంగతి వేరు: కార్యక్రమాలన్నీ సాయంత్రాలే, గురువుగారి క్లాసూ సాయంత్రమే. వాలంటీరుగా మంచి పేరు వచ్చేకొద్దీ క్లాసులు ఎగిరిపోతాయి. మొదటి నెలలోనే గురువుగారిని అడిగి శని, ఆదివారాల ఉదయానికి పాఠం మార్పించుకోండి.

నెలకు రెండు కార్యక్రమాలకైనా వెళ్లాలి, ఒకటి మీకు నచ్చేది, ఒకటి నచ్చనిది. శాస్త్రీయ కచేరీకి వెళ్లేవాళ్లు పద్యనాటకానికీ వెళ్లాలి, ఉరుముల నృత్యం, గొరవయ్యల ఆట లాంటి జానపద కళలూ చూడాలి. జేబులో చిన్న పుస్తకం ఉంచుకోండి. ఆహ్వానపత్రంలో వేసిన వేళ, నిజంగా మొదలైన వేళ రాయండి. జనాన్ని మూడుసార్లు లెక్కపెట్టండి: మొదటి అంశానికి, తని ఆవర్తనం (పాట ఆగి మృదంగం, ఘటంవాళ్లు మాత్రమే వాయించే భాగం) మొదలైనప్పుడు, మంగళానికి. తనికి లేచి కాఫీకి వెళ్లినవాళ్లలో ఎంతమంది తిరిగి వచ్చారో చూస్తే ఆ ఊరి శ్రోతకు ఎంతసేపటి కచేరీ సరిపోతుందో తెలిసిపోతుంది. ఏ సర్వే ఫారం నింపించినా ఇంత నిజం రాదు.

నిర్వాహకుడికి సంగీతం ఎంత తెలియాలి? వేదికెక్కి పాడేంత అక్కర్లేదు గానీ, కళాకారుడితో ఫోన్లో మాట్లాడేటప్పుడు అడగవలసింది అడిగేంత తెలియాలి. ముఖ్యమైనది శ్రుతి, అంటే పాటకు ఆధారమైన స్వరస్థాయి. అంకె పెరిగేకొద్దీ స్థాయి పైకి వెళ్తుంది. గాయని ఐదు శ్రుతిలో పాడతారనుకోండి, మృదంగం వాయించేవారికి ఆ సంగతి ముందే చెప్పకపోతే ఆయన మగ గాయకులకు వాడే ఒకటి, ఒకటిన్నర శ్రుతి వాద్యం పట్టుకొస్తారు. పెద్ద మృదంగాన్ని అంత పైకి బిగించలేరు, బిగించబోతే మూత చిరుగుతుంది. సాయంత్రం ఐదింటికి కడపలో ఇంకో మృదంగం కోసం పరుగులు పెట్టాలి. తేదీ కుదిరిన రోజే పక్కవాద్యాలవాళ్లందరికీ శ్రుతి చెప్పేయడం మీ పని.

ఒక కచేరీకి లెక్క వేద్దాం

నాలుగొందల సీట్ల హాలు, గాత్ర కచేరీ, బయటి ఊరి కళాకారులు. కింది అంకెలు పద్ధతి చూపడానికి వేసుకున్నవి. మీ ఊరి ధరలు అడిగి వాటి స్థానంలో మీవి పెట్టుకోండి.

గాత్రం 40,000, వయొలిన్ 12,000, మృదంగం 12,000, ఘటం 8,000: కలిపి 72,000
రాకపోకలు 14,000
బస, భోజనాలు 9,000
హాలు అద్దె, శుభ్రం చేసేవాళ్లకు 12,000
సౌండు 15,000
లైట్లు 6,000
ఆహ్వానాలు, ఫ్లెక్సీలు, ప్రచారం 8,000
ఫొటో, వీడియో 8,000
పూలు, శాలువలు, వాలంటీర్ల టిఫిన్లు 6,000

మొత్తం 1,50,000. దీనిమీద పదిశాతం అనుకోని ఖర్చు, 15,000. అంటే 1,65,000.

ఇప్పుడు రాబడి. నాలుగొందల సీట్లలో 240 టికెట్లు, ఒక్కోటి 200 చొప్పున అమ్ముడుపోయాయనుకుందాం: 48,000. ఖర్చులో మూడో వంతు కూడా లేదు. టికెట్లతోనే గట్టెక్కాలంటే ఆ 240 మందికీ టికెట్ 688 పెట్టాలి. హాలు మొత్తం నిండినా 413 పడుతుంది. ఆ ధరకు మన ఊళ్లో ఎంతమంది వస్తారో మీకే తెలుసు. మిగిలిన 1,17,000కు దారులు వెతకాలి: ముఖ్య స్పాన్సరు 50,000, చిన్న స్పాన్సర్లు ముగ్గురు తలా 15,000, తక్కిన 22,000 సభ్యుల చందాలు.

ఈ పట్టికలో ఒక సంగతి దాగి ఉంది. శ్రోత ఒకరు పెరిగినా తగ్గినా ఖర్చు దాదాపు మారదు. ఖాళీ కుర్చీ నుంచి ఒక్క రూపాయీ ఆదా కాదు. కాబట్టి చివరి రెండు రోజుల్లో మిగిలిన సీట్లను విద్యార్థులకు యాభైకి ఇవ్వడం నష్టం కాదు. అయితే అది ముందే ప్రకటించిన విద్యార్థి ధరగా ఉండాలి. చివర్లో తగ్గిస్తారని ఒకసారి అలవాటైతే వచ్చే ఏడాది ఎవరూ ముందు కొనరు.

కళాసంస్థలు ఎప్పుడూ డబ్బు చాలక ఇబ్బంది పడడానికి కారణాన్ని ఆర్థికవేత్తలు బామోల్, బోవెన్ 1966లోనే చెప్పారు. ఫ్యాక్టరీలో యంత్రం వచ్చి ఒక మనిషి చేసే పని పెరుగుతుంది, దాంతో జీతాలూ పెరుగుతాయి. రెండున్నర గంటల కచేరీకి వందేళ్ల కిందట నలుగురు కావాలి, ఇప్పుడూ ఆ నలుగురే కావాలి, అంతే సమయం పడుతుంది. కానీ ఆ నలుగురి ఇంటి అద్దె, బియ్యం ధర మిగతా ప్రపంచంతోపాటే పెరిగాయి. స్పాన్సరు దగ్గరికి వెళ్లినప్పుడు “మేం సరిగా నడపలేక అడుగుతున్నాం” అన్నట్టు నసగక్కర్లేదు, ఈ లెక్క చూపించండి. ఇంకో మాట: అడిగేది జ్యువెలర్స్ షాపునైనా, విత్తనాల కంపెనీనైనా, “ఎంతైనా ఇవ్వండి సార్” అనకూడదు. 15,000కు ఏమేం వస్తుందో ఒక కాగితం మీద రాసుకెళ్లాలి: టికెట్ మీద పేరు, హాలు బయట ఒక స్టాండీ, రెండో వరుసలో నాలుగు సీట్లు. అడగాల్సిన సమయం కనీసం రెండు నెలల ముందు. వారం ముందు అడిగితే చేతికొచ్చేది చందానే, స్పాన్సర్‌షిప్ కాదు.

కాగితాలు: ఒప్పందం, హక్కులు, పన్ను

కళాకారుడితో ఫోన్లో మాట అయిపోగానే ఒక పేజీ ఉత్తరం పంపి సంతకంతో తిరిగి తెప్పించుకోండి. తేదీ, వేళ, ఎంతసేపు, పారితోషికం, అడ్వాన్సు ఎంత ఎప్పుడు, పక్కవాద్యాలను ఎవరు ఎంచుకుంటారు, వాళ్ల డబ్బు విడిగానా కలిపేనా, ఏ తరగతి టికెట్, కార్యక్రమం రద్దయితే ఎవరు ఏం భరించాలి. బంద్, వాన అని పేర్లు పెట్టే రాయండి. అన్నిటికన్నా మరిచిపోయేది వీడియో. కాపీరైట్ చట్టంలో ప్రదర్శించేవారికి తమ ప్రదర్శన మీద 50 ఏళ్ల హక్కు ఉంది. యూట్యూబ్‌లో లైవ్ ఇస్తారా, తర్వాత ఉంచుతారా, ఎన్ని నిమిషాలు అన్నది ఆ ఉత్తరంలో లేకపోతే వేదిక పక్కన నిలబడి గొడవ పడాల్సి వస్తుంది.

పాటల హక్కుల సంగతి మన ప్రాంతంవాళ్లు జాగ్రత్తగా తెలుసుకోవాలి, ఎందుకంటే ఇక్కడ అన్నమయ్య పదాలు లేని కార్యక్రమం అరుదు. మన చట్టంలో రచయితకూ స్వరకర్తకూ బతికినంతకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు హక్కు ఉంటుంది. త్యాగరాజ కృతులకు ఆ గడువు ఎప్పుడో దాటింది. అన్నమయ్య సాహిత్యానికీ అంతే. కానీ ఆ పదాలు చెక్కిన రాగిరేకుల మీద రాగం పేరు ఉందే గానీ స్వరం లేదు, ఇప్పుడు పాడే వరసల్లో చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. అనంతపురం జిల్లాలో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ స్వరపరిచినవే చూడండి. ఆయన 1979లో కన్నుమూశారు, లెక్క 1980 జనవరి నుంచి మొదలై 2039 చివరిదాకా నడుస్తుంది. అంటే పదం అందరిదీ, వరస మాత్రం ఇంకా ఒకరి హక్కులో ఉంటుంది. గుడిలో పాడుకుంటే వచ్చే ఇబ్బంది లేదు. ఆల్బం చేసి అమ్మబోయేటప్పుడు స్వరకర్త పేరు, హక్కు ఎవరి దగ్గర ఉందన్నది తేల్చుకోవాలి.

సినిమా పాటల ఆర్కెస్ట్రా పెట్టి టికెట్ అమ్మితే సాహిత్యం, సంగీతం ప్రదర్శన హక్కు కోసం ఐపీఆర్ఎస్ (పాటల రచయితలు, స్వరకర్తల హక్కులు చూసే సంఘం) లైసెన్సు తీసుకోవాలి. రికార్డయిన ట్రాక్ వేస్తే ఆ సౌండ్ రికార్డింగ్ హక్కుదారు అనుమతి వేరే. నిజమైన మతపరమైన వేడుకలు, ప్రభుత్వం జరిపే అధికారిక వేడుకలు, పెళ్లి ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన వేడుకలకు చట్టంలోనే మినహాయింపు ఉంది. డబ్బు తీసుకోకుండా ఔత్సాహిక సంఘాలు చేసే ప్రదర్శనలకూ ఉంది. వినాయక మండపం పేరు పెట్టి గేటు దగ్గర టికెట్ చింపితే ఆ మినహాయింపు నిలవదు.

పన్నులకు భయపడక్కర్లేదు, మూడు అంకెలు గుర్తుంటే చాలు. జానపద లేదా శాస్త్రీయ సంగీతం, నాట్యం, నాటకం ప్రదర్శించే కళాకారుడికి ఒక ప్రదర్శనకు 1,50,000 దాకా జీఎస్టీ లేదు. కచేరీకి, నాటకానికి ప్రవేశ రుసుము మనిషికి 500 దాకా మినహాయింపులో ఉంది. అందుకే టికెట్‌ను 550 పెట్టేముందు రెండుసార్లు ఆలోచించాలి. ఇక టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను: వృత్తి ఫీజు ఒకే వ్యక్తికి ఆర్థిక సంవత్సరంలో 50,000 దాటితే పదిశాతం పట్టుకోవాలి. ఆడిటర్లు సాధారణంగా పారితోషికాన్ని ఈ పద్దు కిందే చూస్తారు. పొరపాటు జరిగేది ఇలా: ఉగాదికి ఒకసారి 40,000 ఇచ్చారు, దసరాకు అదే గాయకుణ్ణి పిలిచి మళ్లీ 40,000 ఇచ్చారు. విడివిడిగా చూస్తే దాటలేదు, కలిపితే 80,000, పన్ను పట్టాల్సింది మొత్తం మీద. పాన్ ఇవ్వకపోతే ఇరవై శాతం. కాబట్టి ఒప్పంద ఉత్తరంతోపాటే పాన్, బ్యాంకు వివరాలు తీసుకోండి.

స్నేహితులతో కలిసి సంస్థ పెట్టాలనుకుంటే ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద కనీసం ఏడుగురు సభ్యులుండాలి. నమోదయ్యాక సంస్థ పేరున బ్యాంకు ఖాతా తెరవండి. కోశాధికారి సొంత ఫోన్‌పేలోకి టికెట్ డబ్బు వచ్చిన రోజున సంస్థకు చీకటి రోజులు మొదలైనట్టే. ఎవరూ దొంగ కాకపోవచ్చు, అయినా మూడో నెలకల్లా ఏది ఎవరిదో తేలదు.

బహిరంగ వేదికకు పోలీసు, మున్సిపల్ అనుమతులు, మైకు పర్మిషన్ కావాలి. శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ నిషేధం, నాలుగు గోడల ఆడిటోరియానికి తప్ప. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. ఆసుపత్రి, బడి, కోర్టుకు వంద మీటర్ల లోపు నిశ్శబ్ద మండలం. పల్లెల్లో పద్యనాటకం తెల్లవార్లూ ఆడడం అలవాటు, ఇప్పుడు అలా పెట్టాలంటే ఈ నిబంధన గోడలా అడ్డం నిలుస్తుంది. ఆరింటికే తెర ఎత్తేలా అంకాలు కుదించుకోవాలని నాటకంవాళ్లతో ముందే మాట్లాడండి.

ఆ రోజు

ఆరున్నర కచేరీకి పనివేళలు ఇలా ఉండాలి. మధ్యాహ్నం రెండింటికి హాలు తాళం మీ చేతికి. మూడింటికి సౌండువాళ్లు సామాను దించాలి. నాలుగింటికి కరెంటు, జనరేటర్ పరీక్ష: మెయిన్ ఆపి జనరేటర్ ఎంతసేపట్లో అందుకుంటుందో, మిక్సర్ మళ్లీ వెలిగేదాకా ఎంత పడుతుందో గడియారం చూసి రాసుకోండి. నాలుగున్నరకు కళాకారులతో సౌండ్ చెక్. ఐదుంబావుకు ముగించి వాళ్లను టిఫిన్‌కు పంపాలి. ఐదుముప్పావుకు తలుపులు తెరవాలి. ఆరుంబావుకు మృదంగం వేదిక మీదికి.

మృదంగం అంత ముందుగా ఎందుకంటే, అది తోలు. అనంతపురం ఎండలో కారు వెనక సీట్లో ఉన్న వాద్యం శ్రుతి పెరిగి ఉంటుంది, ఏసీ హాల్లోకి వచ్చి లైట్ల కింద పెట్టాక మళ్లీ మారుతుంది. సౌండ్ చెక్‌కు శ్రుతి చేసి, ఏసీ కట్టేసి, జనం వచ్చాక మళ్లీ వేస్తే మొదటి వర్ణంలోనే తేడా వినిపిస్తుంది. సౌండ్ చెక్ అప్పుడు ఎంత చల్లగా ఉందో కచేరీకీ అంతే ఉండేలా ఏసీ వదలకుండా నడపండి. ఎడమవైపు మూతకు రవ్వ ముద్ద పెట్టుకునేవాళ్లకు చిన్న గిన్నెలో నీళ్లు, చేతిగుడ్డ అందించేవాళ్లు ఒకరు ఉండాలి. చూడడానికి చిన్న పని, దీనికోసం కళాకారుడు లేచి గ్రీన్‌రూమ్‌కి వెళ్లాడంటే పది నిమిషాలు పోతాయి.

సౌండువాళ్లకు ముందురోజే జాబితా పంపండి: గాత్రానికి ఒక మైకు, వయొలిన్‌కు ఒకటి, మృదంగానికి కుడి ఎడమలకు రెండు, ఘటానికి ఒకటి, శ్రుతిపెట్టెకు ఒక లైను, వ్యాఖ్యాతకు ఒకటి. మొత్తం ఏడు. మానిటర్లు (కళాకారులకు తమ పాట, వాద్యం వినిపించే స్పీకర్లు) కనీసం మూడు. డీజే పనికి అలవాటుపడినవాళ్లు బేస్ పెంచేస్తారు, దాంతో మృదంగం ఎడమవైపు గుమగుమలాడి గాయకుడి గొంతును మింగేస్తుంది. మానిటర్ పెంచమని నలుగురూ ఒకేసారి అడిగితే, పెంచగానే స్పీకర్లలో కూత మొదలవుతుంది. అప్పుడు చేయాల్సింది పెంచడం కాదు, మిగతావి తగ్గించడం. నాట్యానికైతే వేరే సంగతి చూడాలి: సిమెంటు నేల మీద కూచిపూడి ఆడించకూడదు, మోకాళ్లు పోతాయి. చెక్క వేదిక లేకపోతే ప్లైవుడ్ పరిచి, అతుకుల మీద టేపు వేసి, మేకు తల పైకి లేచిందా అని చేత్తో తడిమి చూడండి.

సన్మానాలు. మన దగ్గర కార్యక్రమం ఆలస్యమయ్యేది సగం వీటివల్లే. ముఖ్య అతిథి ప్రసంగం, దాని మీద ఇంకొకరి ప్రసంగం, శాలువలు, మెమెంటోలు, ఫొటోలు: నలభై నిమిషాలు. ఆపలేరు, స్పాన్సర్లూ వేదిక మీదే ఉంటారు. చేయగలిగిందల్లా ఆహ్వానపత్రంలోనే ‘6.30 కచేరీ, 8.15 సత్కారం, 15 నిమిషాలు’ అని అచ్చు వేయడం, ఒక్కరే మాట్లాడతారని అతిథికి ఫోన్లో మర్యాదగా చెప్పడం. అచ్చులో ఉన్నదాన్ని ఎవరూ అవమానంగా తీసుకోరు. తనికి ముందు మాత్రం సత్కారం పెట్టొద్దు.

జానపద బృందాలతో పనిచేసేటప్పుడు ఒక జాగ్రత్త. ఉరుములవాళ్లకు, గొరవయ్యలకు, చెక్కభజనవాళ్లకు డబ్బు బృంద నాయకుడి చేతిలో పెట్టి వదిలేయడం రివాజు. తలకు ఇంత అని రాసి అందరి ఎదుట ఇవ్వండి, ఖాతా ఉన్నవాళ్లకు ఖాతాలోకే. శాస్త్రీయ కళాకారుడికి ఇచ్చిన గదీ టిఫినూ వాళ్లకూ ఇవ్వాలి. టెంటు వెనక చాప పరిచి కూర్చోబెట్టేవాళ్లు తర్వాతి ఏడాది బృందం రాలేదని ఆశ్చర్యపోవడం మాకు అర్థం కాని విషయం.

రాత్రి హాలు వదిలేముందు లెక్క. వరస నంబర్లున్న టికెట్ పుస్తకాల్లో అమ్మినవి, మిగిలినవి, పాసులు మూడూ కలిపితే అచ్చయిన సంఖ్య రావాలి. కళాకారులకు డబ్బు కార్యక్రమం అవగానే, రసీదు మీద సంతకంతో. వోచరు లేని ఖర్చు ఆ రాత్రే రాయించండి, తెల్లారితే ఆటో డబ్బు ఎవరిచ్చారో ఎవరికీ గుర్తుండదు.

తేదీలు, తర్ఫీదు

పెళ్లి ముహూర్తాల రోజుల్లో హాలు, సౌండు, వాహనాలు, లాడ్జి గదులు ఏవీ దొరకవు, దొరికినా రేటు రెట్టింపు. ఆషాఢంలో అన్నీ ఖాళీ, బేరం కుదురుతుంది. కొత్తగా పెట్టేవాళ్లకు మంచి నెల అదే. మార్చిలో పిల్లల పరీక్షలు, తల్లిదండ్రులు ఇల్లు కదలరు. పంచాంగం, కాలేజీ పరీక్షల షెడ్యూలు, క్రికెట్ మ్యాచ్‌ల తేదీలు మూడూ పక్కన పెట్టుకుని తేదీ ఎంచండి.

తర్ఫీదుకు అనంతపురం లలితకళా పరిషత్తు, కర్నూలు టీజీవీ కళాక్షేత్రం లాంటి చోట్ల కార్యక్రమాలు జరిపే సంఘాల దగ్గర వాలంటీరుగా మొదలుపెట్టండి. మొదటిసారే వేదిక పక్కన నిలబడే పని అడగొద్దు. గేటు, టికెట్లు, వాహనాలు, ఆ తర్వాత గ్రీన్‌రూమ్, చివరికి లెక్కలు. డిగ్రీలో ఇంటర్న్‌షిప్ ఎలాగూ చేయాలి, దాన్ని బ్యాంకులో ఫారాలు నింపడానికి ఖర్చు చేసే బదులు ఒక కళాసంస్థలో చేయడానికి మీ మెంటరును ఒప్పించండి. పని వివరం ముందే రాసిస్తే ఒప్పుకుంటారు: టికెట్ అమ్మకాల విశ్లేషణ, స్పాన్సరు ప్రతిపాదన, మూడు కార్యక్రమాల జమాఖర్చు.

అనంతపురం నుంచి బెంగళూరు రోడ్డు మీద రెండొందల కిలోమీటర్ల పైచిలుకు. అక్కడ 2004లో మొదలైన రంగశంకర నాటకశాలలో ఒక నాటకం చూసి రండి, ఆలస్యంగా వచ్చినవాళ్లను లోపలికి వదలరు. ఆ నియమాన్ని గేటు దగ్గర ఎలా అమలు చేస్తారో చూడడానికే వెళ్లవచ్చు. కడపవాళ్లకు చెన్నై నేరుగా రైలు దూరంలో ఉంది, డిసెంబరు సంగీత సీజన్‌లో నాలుగు రోజులుంటే ఒకే రోజు మూడు సభల నిర్వహణ పోల్చి చూడవచ్చు.

తర్వాతి మెట్టు

ఎంబీఏకి ప్రవేశపరీక్ష ఏపీ ఐసెట్: 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. విశ్లేషణకు 75, గణితానికి 55, కమ్యూనికేషన్‌కు 70 మార్కులు. సంగీతం చదివినవాళ్లు గణితం దగ్గర తడబడతారు, ఆరు నెలలు ముందు మొదలుపెట్టాలి. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఎంబీఏ ఉంది. రంగస్థలం, నాట్యం వైపు పీజీ కావాలంటే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్ చూడండి. విదేశాల్లో కార్నెగీ మెలన్ లాంటి చోట్ల కళా నిర్వహణలోనే మాస్టర్స్ ఉంది. ఖర్చు భారీ, స్కాలర్‌షిప్ లేకుండా అప్పు చేసి వెళ్లమని మేం చెప్పం, ఈ రంగంలో మొదటి జీతాలతో ఆ అప్పు తీరదు.

సాధన బలంగా ఉన్నవాళ్లు కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారుల స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టాలి. 18 నుంచి 25 ఏళ్లవాళ్లకు నెలకు 5,000 చొప్పున రెండేళ్లు ఇస్తారు.

పీజీకైనా ఉద్యోగానికైనా దరఖాస్తుతోపాటు మూడు కాగితాలు జతచేయండి. మీరు నడిపిన ఒక కార్యక్రమం బడ్జెట్, పక్క వరసలోనే అసలు ఖర్చు, తేడా ఎందుకొచ్చిందో ఒక్కో వాక్యంలో. ఆ రోజు పనివేళల పట్టిక. కళాకారుడితో చేసుకున్న ఒప్పందం, పేరూ మొత్తమూ కొట్టేసి. వేదిక మీద మైకు పట్టుకుని దిగిన ఫొటోలు పక్కన పెట్టండి, వాటిని అడిగేవాళ్లు ఉండరు.